హౌపియా గట్టిపడకపోతే

థాంక్స్‌గివింగ్ విందుకని చేసిన హౌపియా (కొబ్బరిపాలతో చేసే హవాయి తీపి వంటకం) రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నా జారుగానే ఉందన్నారు కదండీ. అందులోని కార్న్‌స్టార్చ్ (మనం కార్న్‌ఫ్లోర్ అనే తెల్లటి పొడి) సరిగ్గా ఉడకకపోతే ఎంత చల్లబరిచినా బిళ్లలుగా తెగదు. ఉన్నదాన్ని పారేయకండి, మళ్లీ పొయ్యి మీద పెట్టి ఉడికిస్తే చాలావరకు దారికొస్తుంది.

ఈసారికి కొలత: 400 మి.లీ. కొబ్బరిపాలకు కప్పు నీళ్లు, అర కప్పు కార్న్‌స్టార్చ్, ఆరు టేబుల్‌స్పూన్ల పంచదార, చిటికెడు ఉప్పు. స్టార్చ్‌ని ముందే చన్నీళ్లలో కలపాలి. వేడిపాలలో నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. సన్నమంట మీద ఆపకుండా తిప్పండి. చిక్కబడగానే దించేయొద్దు, బుడగలొచ్చాక మరో రెండు మూడు నిమిషాలు ఉంచితేనే పచ్చివాసన పోతుంది. తర్వాత ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు. ఫ్రీజర్ మాత్రం వద్దండీ, కరిగాక నీరొదులుతుంది. ఊదారంగు ఒకినావా చిలగడదుంపతో చేసే ‘పై’ (pie) మీద పొరగా వేయాలంటే వేడిగా ఉండగానే పోయండి.