చప్పిడి మాట

బాబూ,

నీ కథ అందింది. రెండోసారి చదువుతూ ఐదో పేజీ దగ్గర కళ్లజోడు తీసి బల్లమీద పడేశాను. ఆసుపత్రిలో తాతకి మనవరాలు కేరియర్ విప్పింది, లోపల ‘బ్లాండ్ ఫుడ్’ ఉందని రాశావు. ఆ అన్నంలో ఉప్పు లేదు, కారం లేదు, పప్పుకి పోపైనా పెట్టలేదు. చప్పిడి కూడు అనడానికి నామోషీ దేనికి?

ఇంగ్లీషు వద్దనడం లేదు. వాడేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చూడమంటున్నాను. లాటిన్‌లో బ్లాండుస్ అంటే తీపిమాటలతో బుజ్జగించే రకం. తిండితో పనే లేదు. 1667 నాటి ఇంగ్లీషు కావ్యం ‘పారడైజ్ లాస్ట్’లో, దేవుడు తినొద్దన్న పండు తినేసి వచ్చిన ఈవ్ ఆడమ్‌తో మాట్లాడిన మాటలని కవి మిల్టన్ ‘బ్లాండ్’ అన్నాడు. పండుని కాదు, మాటలని! బుజ్జగింపు పోనుపోను మెత్తదనమైంది, ఆపైన కడుపుని రేపని తిండి అయింది. 1915లో షికాగో డాక్టర్ సిప్పీ అల్సర్ రోగులకి గంటగంటకీ పాలూ మీగడా పట్టించాడే, అలాంటిదన్నమాట. ఆఖరికి రుచీ పచీ లేనిదల్లా బ్లాండే. రుచి లేనిదనే అర్థంలోనే పుట్టిన ‘ఇన్సిపిడ్’ అని రాసినా కొంత నయం. దాని మూలమైన లాటిన్‌లో రుచి చూడటానికీ తెలివికీ ఒకటే క్రియ, హోమో సేపియన్స్ అని శాస్త్రం పేరుపెట్టిన మనిషీ అందులోంచి వచ్చినవాడే.

ముఖస్తుతి ముదిరి చప్పబడిందన్నమాట. నలభై ఏళ్లుగా నేను మొత్తుకునేదీ ఇదే. పాఠకుణ్ణి బుజ్జగించకు. ఎడిటర్లు బుజ్జగించమనే అంటారు. నా తొలి కథలో ‘చప్పిడి కూడు’ కొట్టేసి ‘సాత్వికాహారం’ అని దిద్దాడు ఓ వారపత్రిక ఎడిటర్. ఆ కూడు తిన్నవాణ్ణి నేను. పచ్చకామెర్లొస్తే నెల్లాళ్లు అమ్మ ఉప్పులేని మజ్జిగన్నం ముద్దలు చేసి పెట్టేది. ఎదురుగా తమ్ముడు ఆవకాయ కలుపుకుని, ముద్దముద్దకీ నావైపు చూస్తూ వేళ్లు నాకేవాడు. సాత్వికాహారంలో ఆ వేళ్లెక్కడున్నాయి? ఆ ఎడిటర్ పోయి పదేళ్లయింది. నా కోపం ఇంకా పోలేదు.

కథల పోటీకి పంపనా అని అడిగావు, ఆ సంగతి తర్వాత. తాత పక్క మంచం మీదున్న పచ్చడి సీసా చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడని రాశావే, ఆ వాక్యం ముట్టుకోకు. దాని కింద ఆయన బాధ వివరించిన రెండు పేరాలు తీసేసి మళ్లీ పంపు.