స్క్వాష్ ఆడనివ్వండి, స్కూల్ మాన్పించకండి

ప్రశ్న: మాది నెల్లూరు. పదేళ్లుగా చెన్నై అన్నానగర్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. స్క్వాష్ బాగా ఆడుతుంది. స్కూల్ మానేసి పూర్తిగా ఆటలోనే ఉంటానంటోంది. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఈ ఆట నేర్చుకోవడానికి మీరు సరైన ఊళ్లోనే ఉన్నారు. నెహ్రూ పార్క్‌లోని ఇండియన్ స్క్వాష్ అకాడమీ మీకు దూరమేమీ కాదు. మన దేశానికి స్క్వాష్ ఆడిన జోష్నా చిన్నప్ప, దీపికా పళ్లికల్ చెన్నై అమ్మాయిలే. కోల్‌కతాలో పుట్టిన సౌరవ్ ఘోషల్ కూడా శిక్షణ కోసం ఇక్కడికే వచ్చారు. 2028 లాస్ ఏంజెలెస్‌లో స్క్వాష్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది. కాబట్టి పాప ఆశ గాలిమేడ కాదు.

కానీ స్కూల్ మాన్పించవద్దు. దీనికి మొదటి కారణం డబ్బు. ప్రొఫెషనల్‌గా మారిన కొత్తలో ఆడేవి చిన్న టోర్నమెంట్లు. వాటిలో ప్రైజ్ మనీ మొత్తం కలిపినా కొన్ని వేల డాలర్లే, దాన్నే ఆడినవాళ్లంతా పంచుకోవాలి. మొదటి రౌండ్‌లో ఓడితే విమానం టికెట్ ఖర్చు కూడా తిరిగి రాదు. హోటల్, కోచ్, ఫిజియో ఖర్చులు చాలావరకు మన జేబులోంచే పోతాయి. ర్యాంకు పెరగాలంటే ఊళ్లు తిరగాలి, తిరగాలంటే డబ్బు కావాలి. స్పాన్సర్ దొరికేదాకా ఈ కష్టం తప్పదు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఆదుకోవచ్చు గానీ, దానికీ పోస్టును బట్టి పదో తరగతో, ఇంటరో, డిగ్రీయో అడుగుతారు.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. మన స్క్వాష్ ఆటగాళ్లు రమిత్ టాండన్, వేలవన్ సెంథిల్‌కుమార్ అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో చదువుతూ కాలేజీ టీమ్‌కు ఆడినవాళ్లే. కొలంబియా లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో (అమెరికాలోని ఎనిమిది పేరున్న యూనివర్సిటీల్లో) ఆటకంటూ స్కాలర్‌షిప్ ఉండదు. కుటుంబ ఆదాయాన్ని చూసి సాయం చేస్తారు. ఆట వల్ల సీటు దగ్గరవుతుంది, కానీ మార్కులు లేకపోతే లోపలికి రానివ్వరు. ఈ మాట పాపకు మీరే కూర్చోబెట్టి చెప్పండి. చదువు ఆటకు అడ్డం కాదని తనకు అర్థమవ్వాలి.

పదో తరగతి రెగ్యులర్‌గానే పూర్తి చేయనివ్వండి. ఆ తర్వాత అటెండెన్స్ నిజంగా ఇబ్బందైతే ఇంటర్‌ను ఎన్‌ఐఓఎస్‌లో (జాతీయ ఓపెన్ స్కూల్లో) చేయవచ్చు. అండర్-17లో జాతీయ స్థాయిలో ముందు వరుసలో నిలబడితే ప్రొఫెషనల్ ఆట గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ఈలోగా ఒక ఆదివారం పాప మ్యాచ్‌కు వాళ్ల నాన్నను కూడా తీసుకెళ్లండి. ఆయన ఒక్కసారి కూడా చూడకుండానే వద్దంటున్నారేమో.