పదకొండేళ్లకే ఒక్క ఆటకు కట్టేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు. ఈ ఏడాది జిల్లా అండర్-13 షటిల్ పోటీల్లో రెండో స్థానంలో నిలిచింది. ఈత మానిపించి, బడికి బదులు ఓపెన్ స్కూల్లో పరీక్షలు రాయించి, హాస్టల్ ఉన్న అకాడమీలో ఇప్పుడే చేర్చకపోతే అవకాశం చేజారిపోతుందని కోచ్ గట్టిగా చెబుతున్నారు. అమ్మాయి ఈత కళ్లద్దాలు మాత్రం గుమ్మం పక్కన మేకుకే వేలాడుతున్నాయి. తీస్తానంటే ఒప్పుకోవడం లేదు. దీని మీద పరిశోధనలు ఏమైనా జరిగాయా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ కళ్లద్దాలను మేకుకే ఉండనివ్వండి. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట అదే.

ఎంత చిన్న వయసులో మొదలుపెట్టి ఎన్ని ఎక్కువ గంటలు సాధన చేస్తే అంత పెద్ద క్రీడాకారులవుతారన్న నమ్మకం మీ కోచ్ ఒక్కరిదే కాదు, మన ఊళ్లలో దాదాపు అందరిదీ. దానికి ఊతంగా అందరూ చెప్పే పదివేల గంటల లెక్క 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చింది. ఆ బృందం పరిశీలించింది బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకుంటున్న విద్యార్థులను, క్రీడాకారులను కాదు. పైగా అది ఒక సగటు మాత్రమే. దాన్ని దాటితేనే నైపుణ్యం వస్తుందని ఆ పరిశోధకులు గీత గీయలేదు.

క్రీడాకారుల మీదే జరిగిన పరిశోధనలు చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఆర్నె గ్యులిష్, ఆయన సహ పరిశోధకులు 2022లో ప్రచురించిన సమీక్షలో 51 అధ్యయనాల నుంచి 6,096 మంది క్రీడాకారుల వివరాలను ఒకచోట చేర్చారు. వారిలో 772 మంది ప్రపంచ అగ్రశ్రేణికి చెందినవారు. పెద్దయ్యాక ప్రపంచ స్థాయికి చేరినవారిని జాతీయ స్థాయి దగ్గర ఆగిపోయినవారితో పోల్చి చూస్తే, ప్రపంచ స్థాయివారు చిన్నతనంలో ఇతర ఆటలను కోచ్‌ల దగ్గర ఎక్కువగా నేర్చుకున్నారని, తమ ప్రధాన ఆటను ఆలస్యంగా మొదలుపెట్టారని, మొదట్లో నెమ్మదిగానే ఎదిగారని తేలింది. బాలబాలికల విభాగాల్లో ముందున్నవారిది సరిగ్గా దీనికి తలకిందులు: త్వరగా మొదలుపెట్టి, ఒక్క ఆటనే ఎక్కువగా సాధన చేసి, వేగంగా పైకి వచ్చినవారే అక్కడ గెలిచారు. అండర్-13లో కప్పు తెచ్చే దారి, పాతికేళ్ల వయసులో పతకం తెచ్చే దారి ఒకటి కావన్నమాట. మీ కోచ్ కళ్లకు కనిపించేది మొదటి దారి. ఆయన దగ్గరకు కొత్త పిల్లలు రావడం, ఆయనకు నాలుగు రూపాయలు దొరకడం కూడా ఆ కప్పుల మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి ఆయనను నేను తప్పు పట్టలేను. కానీ మీ అమ్మాయి లెక్క వేరు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఒక మోకాలిని చూస్తే కొంత అర్థమవుతుంది. షటిల్‌లో నెట్ దగ్గర పడే డ్రాప్‌ను అందుకోవడానికి రాకెట్ వైపు కాలు ముందుకు చాచి, దాని మీదే బరువంతా మోపి, మళ్లీ వెనక్కి తోసుకోవాలి. ఎముకలు వేగంగా పెరిగే వయసులో ఇదే కదలిక రోజుకు వందలసార్లు జరిగితే, మోకాలి చిప్పకు కాస్త కింద, ఎముక మీద చిన్న బొడిపె తేలవచ్చు. వేలితో నొక్కగానే పిల్ల కాలు లాక్కుంటుంది. ఈతలో ఆ మోకాలికి విశ్రాంతి, గుండెకు, భుజాలకు పని. అమెరికాలో నీరు జయంతి బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి తమ వయసును మించిన గంటలు శిక్షణ పొందే పిల్లలకు గాయాల ప్రమాదం ఎక్కువని కనిపించింది. మీ అమ్మాయికైతే వారానికి 11 గంటలు. ఉదయం రెండు, సాయంత్రం రెండు గంటలు ఆడించే అకాడమీలో ఆ లెక్క మూడు రోజులకే దాటిపోతుంది.

వీటికి హద్దులు కూడా ఉన్నాయని చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాడినవుతాను. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాల క్రీడాకారులవి. మూడు ఆటలు ఆడిన ప్రతి పిల్లా ఛాంపియన్ అవుతుందని అవి చెప్పడం లేదు. మహిళల జిమ్నాస్టిక్స్ వంటి ఆటల్లో చిన్న వయసులోనే తీవ్ర సాధన తప్పడం లేదు. చదరంగం శరీరం మీద భారం వేసే ఆట కాదు కాబట్టి దాని లెక్క వేరు. మన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అయితే మీ ఊరి అమ్మాయే అయిన వెన్నం జ్యోతి సురేఖ సంగతీ గుర్తుచేయాలి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచిన ఆమె విల్లు పట్టకముందు, పసితనంలో, కృష్ణా నదిలో ఈదింది. ఒక్కరి జీవితం రుజువు కాదని నాకు తెలుసు. అయినా ఆ పేరు మీ ఇంట్లో ఒకసారి చెప్పండి.

కెనడా పరిశోధకుడు జాన్ కోటే 6 నుంచి 12 ఏళ్ల వరకు రకరకాల ఆటలు, 13 నుంచి 15 వరకు ఒకటి రెండింటి మీద దృష్టి, 16 నుంచి ఒకదానికి పూర్తి అంకితం అని దశలు చెప్పారు. ఆ ప్రకారం చూస్తే మీకు తొందర లేదు. మంచి కోచ్‌ను వదులుకోకండి; వారంలో నాలుగు రోజులు షటిల్, ఒక రోజు ఈత ఉండేలా, బడి ఆగకుండా మాట్లాడుకోండి. దానికి ఒప్పుకోని అకాడమీని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఐదేళ్ల కిందట ఇక్కడ అండర్-13 గెలిచిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారు?

ప్రశ్న: నేను వ్యాయామ విద్యలో పీజీ చేస్తున్నాను. బ్రిటన్ డబ్బు పెట్టి పతకాలు తెచ్చుకుందని పాఠాల్లో విన్నాను. మన ప్రభుత్వాలు కూడా డబ్బు పెంచితే సరిపోతుందా? ఈ విషయం మీద పరిశోధన చేయాలని ఉంది.
– ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బ్రిటన్ విషయంలో మీరు విన్నది నిజమే. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆ దేశానికి దక్కింది ఒక్క స్వర్ణం. ఆ మరుసటి ఏడాది నుంచి జాతీయ లాటరీ నిధులు అగ్రశ్రేణి క్రీడాకారులకు అందాయి. 2012లో సొంతగడ్డ మీద 29 స్వర్ణాలు, 2016 రియోలో పట్టికలో రెండో స్థానం వచ్చాయి. దాని రెండో వైపు కూడా చదవండి. పతకం వచ్చే ఆటకే డబ్బన్న నియమం అక్కడ ఎంత కఠినమంటే, రియోలో పురుషుల డబుల్స్‌లో కాంస్యం తెచ్చిన తర్వాత కూడా బ్యాడ్మింటన్‌కు నిధులు ఆపేశారు.

దేశాల మధ్య పతకాల్లో తేడాను సగానికి పైగా జనాభా, సంపద వంటి అంశాలే నిర్ణయిస్తాయని పరిశోధకులు లెక్కగట్టారు. మిగిలిన భాగంలో ప్రభుత్వ విధానం చేయగలిగింది ఎంత అన్నదే క్రీడా విధానాల పరిశోధన వెతుకుతున్నది. బ్రస్సెల్స్‌లోని వీర్లే డి బోషర్ నాయకత్వంలో స్ప్లిస్ పేరుతో జరుగుతున్న అంతర్జాతీయ పరిశోధన తొమ్మిది స్తంభాలను గుర్తించింది: నిధులు, పాలన, జనం ఆటల్లో పాల్గొనడం, ప్రతిభను గుర్తించి పెంచడం, ఆటగాళ్లకు ఆట సాగినంత కాలం, ఆ తర్వాత కూడా అండ, మైదానాలు, కోచ్‌లు, పోటీలు, శాస్త్ర పరిశోధన. 2015లో 15 దేశాలను పోల్చినప్పుడు డబ్బుకు, పతకాలకు గట్టి సంబంధం కనిపించింది. అయినా సరిసమానంగా ఖర్చు చేసిన దేశాలన్నీ సరిసమానంగా గెలవలేదు. ఏ రెండు దేశాల దారీ ఒకటి కాదు. పైగా అన్ని దేశాలూ ఖర్చు పెంచుతున్నందున ఒక్కో పతకం ఖరీదు పెరుగుతూ పోతోంది.

మన దగ్గర చివరి మెట్టు మీద వెలుగు బాగానే ఉంది. ఒలింపిక్ పతకాలే లక్ష్యంగా కేంద్రం 2014లో మొదలుపెట్టిన టాప్స్ పథకం ఎంపికైన క్రీడాకారులకు నెలకు 50,000 రూపాయల భృతి ఇస్తుంది. గెలిచివచ్చినవారికి రాష్ట్రాలు కోట్లలో బహుమతులు ప్రకటిస్తాయి. ఆ మెట్టు దాకా పిల్లను నడిపించే నడిమి ఏళ్లే మసకగా ఉన్నాయి. గుంటూరులో పెరిగిన కిదాంబి శ్రీకాంత్ 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడంటే, డబుల్స్ ఆడుతున్న కుర్రవాడిలో సింగిల్స్ ఆటగాణ్ని కోచ్ గోపీచంద్ చూడగలగడం, తీర్చిదిద్దడానికి హైదరాబాద్‌లో ఆయన అకాడమీ ఉండడమే కారణం. అలాంటి కన్ను జిల్లాకు ఒకటైనా ఉండాలని నేను మనసారా కోరుకుంటాను. మీరు పరిశోధన చేస్తే ఇక్కడే మొదలుపెట్టండి. పదేళ్ల కిందట మీ జిల్లా జట్లకు ఎంపికైన పిల్లల జాబితాలు తీసుకుని, ఎవరు ఏ వయసులో, ఏ కారణంతో ఆట మానేశారో ఇల్లిల్లూ తిరిగి అడగండి. గెలిచినవారిని పలకరించేవారు చాలామంది ఉన్నారు. మానేసినవారు చెప్పేదే మనకు అందడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి డిసెంబరులో పుట్టాడు. సెలక్షన్లలో ప్రతిసారీ చివర్లో తీసేస్తున్నారు. పుట్టిన నెలకు దీనికి సంబంధం ఉందా?
– ఒక తండ్రి, మంగళగిరి

జవాబు: ఉంది. వయసు విభాగాన్ని జనవరి 1తో లెక్కిస్తే, జనవరిలో పుట్టిన పిల్లవాడు మీవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. పదేళ్ల వయసులో అది జీవితంలో పదో వంతు. కెనడా ఐస్ హాకీ జట్లలో ఏడాది తొలి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా ఉన్నారని 1985లోనే పరిశోధకులు చూపించారు; ఆ తర్వాత ఎన్నో ఆటల్లో ఇదే కనిపించింది. నెట్ దగ్గర చేతులు కలిపే ఇద్దరు అండర్-13 పిల్లల్లో ఒకడికి నూనూగు మీసం వచ్చి, రెండోవాడి తల వాడి భుజం దాకా కూడా రాకపోవడం మీరూ చూసే ఉంటారు. సెలక్టరు కన్ను పొడుగును ప్రతిభగా చదువుతుంది.

దీనికి ఖర్చులేని మందు ఒకటి ఉంది. 2017లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఫుట్‌బాల్ ఆడే పిల్లల చొక్కాల మీద అంకెలను వయసు వరుసలో వేసి, ఆ సంగతి ఎంపిక చేసేవారికి ముందే చెప్పి, పిల్లలను ఎంచమని అడిగినప్పుడు పెద్దపిల్లల వైపు మొగ్గు తగ్గిపోయింది. పుట్టిన తేదీలు దరఖాస్తుల్లో ఎలాగూ ఉంటాయి. వచ్చే సెలక్షన్లకు ముందే, మీలాంటి తల్లిదండ్రులు నలుగురు కలిసి జిల్లా సంఘం వారిని ఈ ఒక్క మార్పు అడగండి.