బయట ఉండిపోయిన అన్నాన్ని మళ్లీ వేడిచేస్తే సరిపోదా?

సరిపోదు, గంటల తరబడి బయట ఉండిపోయిన అన్నం ఎంత వేడిచేసినా సురక్షితమని చెప్పలేం, అందుకే హోటళ్ల తనిఖీల్లో అధికారులు దాన్ని తప్పుపడతారు.

బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు వండినా చావవు. వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన గానీ, 5 డిగ్రీలకు దిగువన గానీ ఉండాలి. ఈ రెండింటి మధ్య ఎక్కువసేపు ఉంటే బీజాలు మొలకెత్తుతాయి, బాక్టీరియా పెరిగి వాంతులు తెప్పించే విషాన్ని వదులుతుంది. మళ్లీ వేడిచేస్తే బాక్టీరియా చావవచ్చు గానీ, ఆ విషం మాత్రం మరిగే వేడికి కూడా చెక్కుచెదరదు.

మధ్యాహ్నం గిన్నెలో మిగిలిపోయిన అన్నంతో రాత్రి ఫ్రైడ్ రైస్ చేయడం ఇందుకు సరైన ఉదాహరణ. పెనం మీద పొగలు కక్కినా విషం పోదు.

వాసన రాకపోతే పాడవలేదనుకోవడమే చాలామంది పొరపాటు, అదీ ప్రమాదకరమైన పొరపాటు. ఈ విషానికి రంగూ వాసనా ఉండవు.