యమహా ఆర్‌ఎక్స్ 100 బైకును మట్టిబాటలకు సిద్ధం చేయాలంటే ముందు ఏం మార్చాలి?

ముందైతే ఇంజిన్ జోలికి వెళ్లొద్దు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, నూరు కిలోల పైచిలుకు బరువు. రాళ్లదారికి ఆ బలం చాలు. చాలామంది పోర్టింగ్‌తో, అంటే సిలిండర్‌లోని గాలి, పొగ దారులను అరగదీసి పెద్దవి చేయడంతో మొదలుపెడతారు. దాంతో స్పీడ్ పెరుగుతుంది గానీ ఎక్కుడులో కావాల్సిన పికప్ చచ్చిపోతుంది. దానికి బదులు నాలుగైదు పళ్లు ఎక్కువున్న వెనక స్ప్రాకెట్, గుబ్బల టైర్లు, వెడల్పాటి హ్యాండిల్ వేయించండి.

అసలు జాగ్రత్తంతా ఆయిల్ దగ్గరే. ఇది టూస్ట్రోక్ బండి. ఆయిల్‌ను వేరే ట్యాంకు నుంచి ఇంజిన్‌కు తనంతట తానే అందించే ఆటోల్యూబ్ పంపు పనిచేస్తుంటే దాన్ని అలాగే ఉంచండి. నేను తీసేసి లీటరు పెట్రోల్‌కు 25 మి.లీ. టూటీ (టూస్ట్రోక్) ఆయిల్ కలిపేవాణ్ణి. ఒకసారి పెద్ద దిగుడులో ఎక్సలేటర్ పూర్తిగా వదిలేసి గేర్లోనే దిగాను. పెట్రోల్ ఆగితే అందులోని ఆయిలూ ఆగుతుంది కదా, బండి సీజైంది, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయింది. విప్పితే పిస్టన్ పక్కన వేలికి తగిలేంత నిలువు గీతలు! అలా కలిపి నడిపేవాళ్లు దిగుడులో మధ్యమధ్య క్లచ్ పట్టి కాస్త రైజ్ చేయాలి.

ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడూ తీసేయొద్దు. స్పార్క్ ప్లగ్ కొన కాఫీపొడి రంగులో ఉండాలి, తెల్లబడితే కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి.

రోడ్డు మీదికీ తెస్తారా? అనుమతి లేకుండా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. అందుకే విప్పిన ఒరిజినల్ సామాన్లు పారేయకండి.