గుండె కుడివైపున ఉంటే స్టెంట్ వేయకూడదా?

ప్రశ్న: మాది దేవరకొండ. నాన్నకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. నెల రోజులుగా నడిస్తే ఛాతీలో కుడివైపు పట్టేసినట్లు ఉంటోంది. పరీక్షల్లో ఆయన గుండె పుట్టుకతోనే కుడివైపు, కాలేయం ఎడమవైపు ఉన్నాయని తేలింది. యాంజియోగ్రామ్‌లో రెండు నాళాల్లో పూడికలు కనిపించాయి. ఇలాంటి గుండెకు స్టెంట్ వేస్తే ప్రమాదం కాదా?

జవాబు: గుండె కుడివైపు ఉందన్న భయంతో చికిత్సను వాయిదా వేయకండి. దీన్ని డెక్స్‌ట్రోకార్డియా అంటారు. ఇది సుమారు పది వేల మందిలో ఒకరికి ఉంటుంది. మీ నాన్నగారిలా మిగతా అవయవాలు కూడా తారుమారై ఉన్నవారిలో చాలామందికి గుండె పనితీరు మామూలుగానే ఉంటుంది. ఎకో పరీక్షలో అది తెలిసిపోతుంది. పూడికలకు కారణం గుండె ఉన్న చోటు కాదు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, పొగాకు ఎవరి రక్తనాళాలనైనా ఒకేలా దెబ్బతీస్తాయి.

స్టెంట్, బెలూన్ అందరికీ వాడేవే. చేసే వైద్యుడి పద్ధతే మారాలి. మణికట్టు నుంచి పంపిన గొట్టాన్ని రోజూ తిప్పే దిశకు ఎదురుగా తిప్పాలి, ఎక్స్‌రే కెమెరా కోణాలను కుడి ఎడమలు మార్చుకోవాలి. తెరపై బొమ్మను అద్దంలోలా తిరగేసుకొని చేసేవారూ ఉన్నారు. సమయం, నాళాలు ఎక్స్‌రేలో కనిపించేందుకు ఎక్కించే రంగుమందు కాస్త ఎక్కువ పట్టవచ్చు. ఆ మందు కిడ్నీలకు భారం కావచ్చు. అందుకే ముందుగా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. షుగర్ ఉన్నవారికి ఒకటికి మించి నాళాలు మూసుకుపోతే కొన్నిసార్లు బైపాసే మేలు. ఆ సంగతి మీ వైద్యులను తప్పక అడగండి. బైపాస్ కూడా ఇలాంటి గుండెకు చేయవచ్చు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఆపరేషన్ కాదు, అర్ధరాత్రి వచ్చే నొప్పి. ఆయనకు అది కుడి ఛాతీలో, కుడి చేతిలో రావచ్చు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు. ఆసుపత్రికి వెళ్లినా ఈసీజీ తీగలను అలవాటు ప్రకారం ఎడమవైపు అంటిస్తే వచ్చే ఈసీజీ కాగితం తప్పుదారి పట్టిస్తుంది. ఛాతీ తీగలను కుడివైపు పెట్టాలి, చేతుల తీగలను అటుదిటు మార్చాలి. ‘నా గుండె కుడివైపు ఉంది’ అని కాగితంపై రాసి ఆయన జేబులో ఎప్పుడూ ఉంచండి. పాత ఈసీజీ జిరాక్సు కూడా జతచేయండి. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చి, చెమటలు పడితే హైదరాబాద్‌కు బస్సు కోసం చూడకుండా వెంటనే 108కు ఫోన్ చేయండి.

స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు రకాల మాత్రలను, పంటి వైద్యం కోసమైనా సరే, గుండె డాక్టరును అడగకుండా ఒక్కరోజు కూడా ఆపనివ్వకండి.