తెలిసింది అంటే ఎవరికి?

చిరంజీవి అమ్మాయికి,

డల్లాస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల మీద నువ్వు రాసిన కథ మొన్న వాట్సాప్‌లో వచ్చింది. ఫోన్‌లో చదివితే నాకు కళ్లు లాగుతాయి. అందుకని మా వీధి చివర జిరాక్స్ షాపులో పద్నాలుగు పేజీలూ ప్రింటు తీయించుకుని, రాత్రి భోజనం అయ్యాక ఎర్రపెన్ను పట్టుకుని కూచున్నాను. పెన్ను లేకుండా ఏదీ చదవలేను. పేపరు డెస్కులో గడిపిన ముప్పై ఏళ్లు అంటించిన జబ్బు అది. కథ బాగుంది. ఈ ముక్క మళ్లీ అనను, దాచుకో.

రెండో పేజీలోనే చిరాకేసింది. “క్విన్నెన్ విలియమ్స్ డల్లాస్‌కి వస్తున్నట్టు తెలిసింది” అని రాశావు. కింద పేరాలో “ఇంకో డీల్ కూడా ఉన్నట్టు సమాచారం”. ఆరో పేజీలో “వినికిడి”. ఎనిమిదిలో మళ్లీ “తెలిసింది”. లెక్కపెట్టాను, మొత్తం తొమ్మిది. తెలుగులో ఇంత పిరికి క్రియ ఇంకోటి లేదమ్మా. చెప్పినవాడు కనపడడు, విన్నవాడు కనపడడు, వాక్యం మాత్రం పంచె సర్దుకుని పెద్దమనిషిలా కూర్చుంటుంది. ఎవరికి తెలిసింది? ఎవరు చెబితే తెలిసింది? చెప్పినవాడికి ఏం ఒరిగింది?

నా పాత్రలు అలాగే మాట్లాడతాయండీ అంటావేమో. మాట్లాడనీ. 2025 నవంబరు 4 మంగళవారం, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఆఫీసు లంచ్‌రూము, నలుగురు తెలుగువాళ్లు పెరుగన్నం డబ్బాలు ముందేసుకుని, మూడు గంటలకి ట్రేడ్ (జట్లు ఆటగాళ్లని మార్చుకునే బేరం) డెడ్‌లైన్ ముగిసేలోగా డల్లాస్ కౌబాయ్స్‌కి ఎవరొస్తారు, ఎవరు పోతారు అని కొట్టుకోవడం చక్కగా రాశావు. నలభై దాటిన ఆయన ప్రతిదానికీ 1989 హెర్షెల్ వాకర్ ట్రేడ్‌ని జాతకంలా విప్పడం కూడా నిజమే. ఆ ఏడు పదహారు ఆటల్లో ఒక్కటే గెలిచారు, కోచ్‌ని తిట్టనివాడు లేడు, వాకర్‌ని ఇచ్చి తెచ్చుకున్న పిక్కుల (కొత్త కుర్రాళ్లని వరసలో ఎంచుకునే హక్కుల) లావాదేవీల్లోంచే ఎమ్మిట్ స్మిత్ దొరికాడు, తర్వాత మూడు సూపర్ బౌల్ ఫైనల్స్ గెలిచారు. ఆయన అనొచ్చు. నా గొడవంతా కథ చెప్పే గొంతుతోనే. ఆ నలుగురి మాటలూ కొటేషన్ల బయటికి కారిపోయి నీ గొంతులో కలిశాయి. ఫోన్ టింగుమంది, వాళ్లు నమ్మారు. నువ్వూ నమ్మేశావు.

ఆ టింగు ఎక్కణ్నుంచి బయల్దేరుతుందో చూడు. ఈఎస్‌పీఎన్ స్పోర్ట్స్ చానెల్లో ఆడమ్ షెఫ్టర్ అనే విలేకరి ఉన్నాడు కదా, నీ కథలో రెండుసార్లు వస్తాడు. ఏ ట్రేడయినా లోకం కన్నా ముందు చెప్పేవాళ్లలో ఒకడు. 2011 జూలైలో, ఓనర్లకీ ఆటగాళ్లకీ పేచీ వచ్చి లాకౌట్ నడుస్తుండగా, ఆయన తను రాసిన వార్త మొత్తాన్ని అచ్చుకి ముందే వాషింగ్టన్ జట్టు జనరల్ మేనేజర్ బ్రూస్ అలెన్‌కి పంపాడు, మార్చాల్సినవీ చేర్చాల్సినవీ ఉంటే చెప్పమని. ఆ మెయిల్లో అలెన్‌ని “మిస్టర్ ఎడిటర్” అన్నాడు. పదేళ్లకి, 2021 అక్టోబరులో, లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆ సంగతి బయటపెట్టింది. అలా చేసి ఉండాల్సింది కాదని షెఫ్టరే ఒప్పుకున్నాడు. అది చదివి ముందు నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. నేనూ ఒకాయన్ని ఎడిటర్ని చేశాను, నాకు తెలియకుండానే.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. హైదరాబాద్‌లో ఒక పేపర్లో స్పోర్ట్స్ డెస్కు. ఊళ్లో ఫుట్‌బాల్ వెలుగు తగ్గుతోంది గానీ పేరు ఇంకా ఉంది. మన మహమ్మద్ హబీబ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే, మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. దాంతో కాలిలో కాస్త పసున్న ప్రతి కుర్రాడికీ కలకత్తా కలే. అక్కడ సంతకాల సీజన్ వస్తే అవతలి క్లబ్బు ఎగరేసుకుపోకుండా ఆటగాళ్లని హోటళ్లలో దాచేవాళ్లు. మీ డెడ్‌లైన్ దాని ముందు ఏపాటి!

ఒక ఆఫీసు జట్టు మేనేజరు నన్ను ఇరానీ హోటల్‌కి పిలిచి, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి, మా లెఫ్ట్ వింగర్ కలకత్తా పోతున్నాడు, బేరం అయిపోయింది అన్నాడు. పరుగున వచ్చి ఎనిమిది లైన్లు రాశాను. “వెళ్లనున్నట్టు తెలిసింది.” ఆ కుర్రాణ్ని ఒకమాట అడిగి రానా అని మా ఇన్‌చార్జిని అడిగాను. “తెలిసింది అని రాసినవాడు ఇంతవరకూ జైలుకెళ్లలేదు, పేజీ వదులు” అన్నాడు. (ఆయన తర్వాత చాలా పైకొచ్చాడు. నా మొదటి పుస్తకానికి ముందుమాట రాస్తానని ఏడాది పాటు తిప్పించుకుని చెయ్యిచ్చాడు. అది వేరే భాగోతం.)

మూడోనాడు ఆ కుర్రాడు ఆఫీసుకే వచ్చాడు. రబ్బరు చెప్పులు, మోకాలికి మాసిన పట్టీ, చంకలో మడిచిన పేపరు. అరవలేదు. పేపరు నా బల్ల మీద పరిచి, ఆ లైను మీద వేలు పెట్టి, “కిస్కు మాలూమ్ హువా సాబ్? మేరేకు తో నై మాలూమ్” అన్నాడు. ఎవరికి తెలిసింది సార్, నాకైతే తెలీదు. పోయేవాడే కదా అని ఆ సీజన్ అతన్ని పక్కన పెట్టేశారు. ఆ చోట్లో మేనేజరు గారి బావమరిది ఆడాడు. నా ఎనిమిది లైన్లకి అసలు ఎడిటర్ ఎవరో అప్పుడు వెలిగింది. పైగా రెండు బిస్కెట్లు తిన్నాను కూడా.

డల్లాస్‌లో దాపరికం ఎక్కడిది, అంతా బహిరంగమే అంటావు. జెర్రీ జోన్స్ 1989 నుంచి కౌబాయ్స్ ఓనరూ తనే, జనరల్ మేనేజరూ తనే, రేడియోలో కబుర్లు చెప్పేదీ తనే. ఆ జట్టు స్టార్ మైకా పార్సన్స్ కూడా నన్ను ట్రేడ్ చేయండని 2025 ఆగస్టు 1న సోషల్ మీడియాలో స్వయంగా పెట్టాడు. 28న గ్రీన్ బే జట్టుకి వెళ్లిపోయాడు, అక్కడ నాలుగేళ్లకి 188 మిలియన్ డాలర్లు. బదులుగా డల్లాస్‌కి రెండు ఫస్ట్ రౌండ్ పిక్కులు, కెన్నీ క్లార్క్ అనే ఆటగాడు వచ్చారు. ఆ నాలుగు వారాల్లో బయటికొచ్చిన ప్రతి ముక్కా ఎవరి బేరానికి పనికొచ్చిందో నీ నలుగురిలో ఒక్కడైనా అడగాలి కదా. అడగరు. సెప్టెంబరు 28న పార్సన్స్ గ్రీన్ బే తరఫున డల్లాస్‌కే వచ్చి ఆడితే ఆట 40-40 దగ్గర ఆగింది. వాళ్ల వాదనా అక్కడే ఆగింది. ఆ స్కోరు వాడుకున్నందుకు మాత్రం నీ మీద నాకు అసూయ.

2018లో నేను డల్లాస్ దగ్గర ప్లేనోలో మావాడి ఇంట్లో ఆరు నెలలున్నాను. అక్టోబరు 22న కౌబాయ్స్ వాళ్లు అమారి కూపర్ అనే ఆటగాడి కోసం ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చేశారు. ఆ సాయంత్రం కార్లో ఇద్దరం రేడియో విన్నాం, ఎవరో ఆ బేరాన్ని దులిపేస్తున్నాడు. ఇంటికొచ్చి మావాడు కోడలితో, “ఫస్ట్ రౌండా! బుర్రుందా వీళ్లకి!” అన్నాడు. రేడియోలో వాడి విరుపే, ‘ఫస్ట్’ దగ్గర అదే సాగదీత. తన సొంత అభిప్రాయమనే వాడి నమ్మకం. అప్పటికి 3-4తో (మూడు గెలుపులు, నాలుగు ఓటములు) ఉన్న జట్టు సీజన్‌ని 10-6తో ముగించింది. “నే ముందే చెప్పలా?” అన్నాడు. 2022 మార్చిలో అదే కూపర్‌ని క్లీవ్‌లాండ్‌కి ఓ ఐదో రౌండ్ పిక్‌కి, ఆరో రౌండ్లో చిన్న మార్పిడికి ఇచ్చేస్తే మళ్లీ “నే ముందే చెప్పలా?” ఈ మాట కారు నుంచి వంటింటి దాకా ఎలా నడిచిందో, అది రాయి. తొమ్మిది ‘తెలిసింది’లు తీసేస్తే దానికి బోలెడు చోటు.

ఇంకోటి. నవంబరు 4న విలియమ్స్ కోసం అతని పాత జట్టు న్యూయార్క్ జెట్స్‌కి ఏమిచ్చారు? 2026 సెకండ్ రౌండ్, 2027 ఫస్ట్ రౌండ్ పిక్కులు. వీటి మీద నాలుగు పేజీలు తగువు పెట్టావు. మూడోది మర్చిపోయావు, మాజీ స్మిత్. పేరులోనే మాజీ ఉంది పాపం. 2023లో డల్లాస్ ఫస్ట్ రౌండ్లో కోరి తెచ్చుకున్న మనిషి, రెండేళ్లకి కూరలవాడు గుప్పెడు కొత్తిమీర పడేసినట్టు కొసరుగా వెళ్లాడు. లంచ్‌రూములో ఒక్కడూ అతని పేరెత్తలేదంటే అది వాళ్ల తీరు. నువ్వూ ఎత్తకపోతే ఎలా?

పదో పేజీలో పిల్లాడు పార్సన్స్ వేసుకున్న పదకొండో నంబరు జెర్సీ తిరగేసి వేసుకుని బడికి వెళ్తాడు. అక్కడ పెన్ను పక్కన పెట్టాను. ఆ లైను ముట్టుకోకు.

ముగింపు కొట్టేశాను. తండ్రికి లేఆఫ్ మెయిల్ రావడం, “మనమూ ట్రేడ్ అయ్యేవాళ్లమేరా” అనడం. దీపావళి పోటీల జడ్జీలు మప్పిన రోగం ఇది. నా తొలి కథని ఒక వారపత్రిక ఆయన కొసమెరుపు లేదని తిప్పి పంపాడు. సరేనని కొసమెరుపు తగిలించి పంపితే, చివరి పేరా కోసేసి అక్కడ చీరల ప్రకటన వేసుకున్నాడు. కొసా పోయింది, మెరుపూ పోయింది. అయినా ఆ పోలిక కుదరదమ్మా. ట్రేడ్ అయినవాడికి కొత్త ఊళ్లో లాకరు ఎదురుచూస్తుంటుంది. హెచ్1బీ మీద లేఆఫ్ అయినవాడికి ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి ఉండేది అరవై రోజులు. ఆ లెక్క నాకన్నా నీకే బాగా తెలుసు.

కలంపేరు గురించి అడిగావు, ఇంకా ఏవో అడిగావు, ఆ కాగితం కనపడటం లేదు. ఏ పత్రికకి పంపాలో మాత్రం నన్నడక్కు, వాళ్లెవరితోనూ నాకు మాటల్లేవు.

గీతలు పెట్టిన పేజీలు ఫోటోలు తీసి పంపుతాను, నాలుగో పేజీ మీద టీ ఒలికింది, సర్దుకో. ఆదివారం మీ మధ్యాహ్నం ఆట మాకు రాత్రి పదకొండున్నరకి మొదలవుతుంది. మావాడు వీడియో కాల్ పెట్టి, ఫోన్‌ని టీవీ ఎదురుగా నిలబెట్టి వదిలేస్తాడు, నేను కునుకుతూ చూస్తుంటాను. పోయిన వారం మధ్యలో లేచి, ఆ మాజీ స్మిత్ న్యూయార్క్‌లో ఎలా ఆడుతున్నాడ్రా అని అడిగాను.

“ఎవరు నాన్నా?” అన్నాడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు